జోస్యం వరం కాదు

ఫాంటసీ నవలల ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒక అభిప్రాయం తిరుగులేని సత్యంలా చలామణీ అవుతూ ఉంటుంది. ప్రతినాయకుడు జోస్యం చేతిలో మోసపోయాడట. ఆ జోస్యంలోని మాట మెలికే కథకు ప్రాణమట. మెలిక ఎంత గడుసుగా ఉంటే రచయిత అంత గొప్పవాడట. ఈ మూడింటిలో ఒక్కటీ నేను ఒప్పుకోను. జోస్యం ఎవరినీ మోసం చెయ్యదు. విన్నవాడు దాన్ని వరంగా జమకట్టుకుంటాడు, చిక్కంతా అక్కడ మొదలవుతుంది. ఆ చిక్కును చూపించకుండా మెలికను మాత్రమే చూపించే రచయిత కథ చెప్పడం లేదు, పొడుపుకథ వేస్తున్నాడు.

ఈ మెలికవాదులు మొదట సాక్ష్యానికి పిలిచేది షేక్స్‌పియర్ ‘మాక్‌బెత్’ను. అది నవల కాదు గానీ, ఇటువంటి జోస్యాలన్నిటికీ తాత వంటిది. స్త్రీ కన్న వాడెవడూ మాక్‌బెత్‌కు హాని చెయ్యలేడనీ, బర్నమ్ అడవి డన్సినేన్ కొండ మీదికి కదిలి వస్తే తప్ప అతనికి ఓటమి లేదనీ మంత్రగత్తెలు రప్పించిన ఛాయామూర్తులు చెబుతాయి. చివరికి సైనికులు చెట్ల కొమ్మలు నరికి అడ్డం పెట్టుకుని నడిచి వస్తారు. మాక్‌డఫ్ నెలలు నిండకముందే తల్లి కడుపు కోసి బయటికి తీసిన బిడ్డ అని తేలుతుంది. ఎంత మోసం, ఎంత చమత్కారం అంటూ మనం పుస్తకం మూసేస్తాం.

కానీ ఆ మాటలు ఏ వరుసలో వచ్చాయో చూడండి. అన్నిటికన్నా ముందు వచ్చిన మూర్తి చెప్పింది, మాక్‌డఫ్‌తో జాగ్రత్త అని. అందులో శ్లేష లేదు, మెలిక లేదు. మనిషిని పేరు పెట్టి మరీ చెప్పింది. రెండో మాట వినగానే మాక్‌బెత్, ఇక మాక్‌డఫ్ బతికి ఉన్నా నాకేం భయం అనుకుంటాడు. ఆ ఊపిరిలోనే, అయినా పూచీ ఉండటం మంచిది, వాణ్ణి చంపుతాను అంటాడు. అంటే జోస్యాన్ని నమ్మనూ లేదు, మాననూ లేదు. మాక్‌డఫ్ అప్పటికే ఇంగ్లండు పారిపోయాడని తెలిశాక, కోటలో మిగిలిపోయిన అతని భార్యనూ పిల్లలనూ చంపిస్తాడు. దేశం కోసం సైన్యంతో రావలసిన మనిషి, తన ఇంటి శవాల లెక్క తేల్చుకోవడానికి మాక్‌బెత్ ఒక్కణ్ణే వెతుక్కుంటూ వచ్చే మనిషిగా మారింది అక్కడ. మన భాషలో కడుపుకోత అనే మాటకు ఇంకొక అర్థం ఉంది కదా. మాక్‌డఫ్‌కు దాన్ని మిగిల్చింది మాక్‌బెతే. పుట్టుక నాటి కోతను పట్టుకుని నాటకాన్ని పొగిడేవారు, ఈ రెండో కోతను చూడకుండా దాటిపోతున్నారు. నాకు కోపం తెప్పించేది అదే.

అడవి కదిలి వచ్చే ఆ ఘట్టం టోల్కీన్‌కు బడి రోజుల నుంచీ నచ్చలేదు. కొమ్మలు పట్టుకున్న సైనికులతో సరిపెట్టడం ఆయనకు పెద్ద ఆశాభంగం. చెట్లు నిజంగానే యుద్ధానికి కదలాలన్న ఆ కోరిక నుంచే తన కథలోని ఎంట్‌లు కొంతవరకు పుట్టాయని 1955లో కవి ఆడెన్‌కు రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. మరి అంత పట్టింపు ఉన్నవాడు ఆంగ్మార్ మాంత్రిక రాజు చావు దగ్గరికి వచ్చేసరికి ఏం చేశాడు? బతికి ఉన్న ఏ ‘మాన్’ కూడా తనను అడ్డుకోలేడని రాజు విర్రవీగితే, ఎయోవిన్ తాను స్త్రీనని చెబుతుంది. ఇంగ్లీషులో ఆ మాటకు మనిషి అనీ మగవాడు అనీ రెండర్థాలు గనక సరిపోయింది. దీన్ని తెలుగులో చెప్పి చూడండి. ‘మనిషి’ అంటే ఎయోవిన్ కూడా మనిషే, జోస్యం తప్పుతుంది. ‘మగవాడు’ అంటే రహస్యం ముందే బయటపడుతుంది. భాష మారగానే ప్రాణం పోయే మెలికను కథకు ప్రాణం అనడం ఎలా?

నిజానికి టోల్కీన్ కథకు అది ప్రాణం కాదు. నవల అనుబంధంలో ఆ జోస్యం పుట్టుక ఉంది. తృతీయ యుగం 1975లో, ఓడి పారిపోతున్న మాంత్రిక రాజును ఎయార్నూర్ తరమబోతే గ్లోర్‌ఫిండెల్ ఆపుతాడు. వాడి చావు ఇంకా చాలా దూరంలో ఉంది, అది మగవాడి చేతిలో రాదు, కనుక వెంటపడకు అన్న హెచ్చరిక అది. రాబోయేదాన్ని ముందుగా చూసి చెప్పిన మాటే గానీ, రాజుకు కట్టిన తాయెత్తు కాదు. రేపు మన ఊళ్ళో వాన పడదని చెప్పడం వేరు, నువ్వు తడవవు అని దీవించడం వేరు. వెయ్యేళ్ళ తర్వాత రాజు దాన్నే కవచంలా తొడుక్కుని నిలబడ్డాడు. అప్పుడు వెనక నుంచి అతని మోకాటి నరాన్ని పొడిచినవాడు మెరీ అనే హాబిట్. ఆ కత్తి, ఒకప్పుడు ఉత్తర రాజ్యంలో ఆంగ్మార్‌నే ప్రధాన శత్రువుగా పెట్టుకుని చేసినది. తాను నాశనం చేసిన రాజ్యపు ఇనుము తన కాలికి తగిలాకే ఎయోవిన్ కత్తి పనిచేసింది. ఈ సంగతిని వదిలేసి ఆమె తాను స్త్రీనని చెప్పే క్షణానికి మాత్రమే చప్పట్లు కొడితే ఎలా!

మన పురాణాలలోనూ ఇదే కదా, హిరణ్యకశిపుడి వరంలో సందులు లేవా అంటారు కొందరు. ఉన్నాయి. కానీ అవి వరమే. పగలూ రాత్రీ, లోపలా బయటా, మనిషీ మృగమూ అంటూ జాబితా చదివినవాడు అతనే. రావణుడూ అంతే. దేవ గంధర్వ యక్షులందరినీ లెక్కపెట్టి అడిగి, మనుషులను మాత్రం గడ్డిపోచలుగా తీసిపారేశాడు. ఆ సందు తెరిచింది అతని తిరస్కారం. జోస్యం విన్నవాడు కంసుడు. ఆకాశవాణి మాటలో ఏ మెలికా లేదు, ఎనిమిదో బిడ్డ అని స్పష్టంగా చెప్పింది. అతను మొదట సరిగ్గానే అర్థం చేసుకున్నాడు కూడా. వసుదేవుడు తెచ్చి ఇచ్చిన తొలి బిడ్డను, ప్రమాదం వీడితో కాదంటూ తిప్పి పంపాడు. నారదుడు వచ్చి మాట్లాడాకనే భయం అంకెను మింగేసింది. భాగవతంలో నన్ను ఎక్కువగా వణికించేది తిప్పి పంపిన ఆ బిడ్డే.

శ్లేషంటే మీకు ఇంత పగ ఎందుకు అని అడగవచ్చు. పగ లేదు. ఒక్క కావ్యంలో రామాయణ భారతాలు రెండూ నడిపిన పింగళి సూరన పుట్టిన భాష మనది. తెలుగులో ఫాంటసీ రాయబోయేవారికి రెండర్థాల జోస్యం ఒకటి అల్లడం చిటికెలో పని. అందుకే ముందుగా చెబుతున్నాను. ఊళ్ళు తగలబెట్టినవాణ్ణి చివరికి వ్యాకరణం చంపితే, తగలబడిన ఊళ్ళకు కథలో పనేముంది?

ఈ విషయంలో రౌలింగ్‌ను తక్కువగా చూసేవారితో నాకు పేచీ. వోల్డెమార్ట్ సగం జోస్యమే విన్నాడు గనక మోసపోయాడు అంటారు. విన్న ఆ సగంలోనూ, తనను ముమ్మారు ధిక్కరించిన దంపతులకు జూలై చివర పుట్టే బిడ్డ అనే ఉంది. వెళ్ళి చంపమని లేదు. ఆ గుర్తులు ఇద్దరు పిల్లలకు సరిపోయాయి, హ్యారీకీ నెవిల్‌కీ. వోల్డెమార్ట్ తనలాగే మిశ్రమ రక్తం ఉన్న హ్యారీని ఎంచుకుని, 1981 అక్టోబరు 31న ఆ ఇంటి మీదికి వెళ్ళాడు. తనతో సమానుడిగా గుర్తు పెట్టాడు. అతను నమ్మి కదిలాడు గనకే ఆ జోస్యానికి విలువ వచ్చిందనీ, నెరవేరని జోస్యాలూ ఉంటాయనీ 2005లో వచ్చిన ఆరో పుస్తకంలో డంబుల్‌డోర్ విడమరిచి చెబుతాడు. చివరి పుస్తకంలో వోల్డెమార్ట్ ప్రాణశకలాన్ని మోస్తున్న నాగిని తల నరికినవాడు నెవిల్, అతను ఆనాడు లెక్కలోకి తీసుకోకుండా వదిలేసిన రెండో పిల్లవాడు.