కొత్త వరి: 20 రోజుల ఆదా ఆయకట్టుకు అందేనా?

కలువాయి: సోమశిల జలాలపైన, చెరువులపైన ఆధారపడిన జిల్లా పశ్చిమ మండలాల్లో వరి రైతుకు చివరి తడి గండమే. ఆ గండాన్ని తప్పించగలదని చెబుతున్న వంగడం ‘కమల’. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ రూపొందించిన ఈ రకాన్ని 2025 మే 4న కేంద్రం ప్రకటించింది. దీనికి మూలం 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, అంటే మన సాంబమసూరి.

ఏమిటీ మార్పు?

విత్తనాలపై గామా కిరణాలు ప్రసరింపజేసి ఉత్పరివర్తనాలు కలిగించడం పాత పద్ధతి. ట్రాంబే వేరుశనగ రకాలు ఆ పరిశోధన ఫలమే. అందులో ఏ జన్యువు మారుతుందో ముందుగా తెలియదు. ‘కమల’లో మాత్రం గింజల సంఖ్యను అదుపుచేసే సీకేఎక్స్2 జన్యువునే ఎంచుకుని క్రిస్పర్ విధానంలో మార్చారు. తుది మొక్కలో పరాయి జన్యువు ఉండదు. అందువల్లే ఇటువంటి పంటలకు 2022 మార్చి 30న కేంద్రం జన్యుమార్పిడి నిబంధనల్లో కొన్నింటి నుంచి మినహాయింపునిచ్చింది.

లాభమెంత?

సాంబమసూరి కంటే 20 రోజులు ముందుగా, సుమారు 130 రోజుల్లో కోతకు వస్తుందని, హెక్టారుకు సగటున 4.5 టన్నులకు బదులు 5.37 టన్నుల దిగుబడి ఇస్తుందని అధికారిక ప్రకటన. అంటే ఎకరాకు సుమారు మూడున్నర క్వింటాళ్లు అదనం. అయితే ప్రయోగ ఫలితాలు ఈ మాటను బలపరచడం లేదని విమర్శకులు ఆక్షేపించగా, భారత వ్యవసాయ పరిశోధన మండలి ఆ ఆరోపణలను తోసిపుచ్చింది.

తేలవలసినవి

వాదం ఎటు తేలినా, రైతుకు కావలసింది తన నేలలో రుజువు. చెరువుల కింద, కాలువ చివరి భూముల్లో ప్రదర్శన క్షేత్రాలు వేసి, ఫలితాలను గ్రామసభల్లో చదివి వినిపించాలి. క్రిస్పర్ పేటెంట్లు విదేశీ సంస్థల చేతుల్లో ఉన్నందున, విత్తన ధరపై వాటి భారం పడదని ప్రభుత్వం స్పష్టం చేయాలి. పండించిన ధాన్యాన్ని తిరిగి విత్తనంగా వాడుకునే హక్కు రైతుకు చెక్కుచెదరకుండా ఉండాలి.

అన్నింటికన్నా ముఖ్యం నీటి లెక్క. ఒక మడిలో 130 రోజుల వరి, పక్క మడిలో 150 రోజుల వరి ఉంటే కాలువ 150 రోజులూ పారవలసిందే. ఆయకట్టు అంతా ఒకే కాలపరిమితి రకం వేసినప్పుడే ఆ 20 రోజుల నీరు మిగులుతుంది. ఆ కట్టుబాటు ప్రయోగశాలలో పుట్టదు. నాట్లకు ముందే రైతులు, నీటిపారుదల అధికారులు కలిసి కూర్చుని కుదుర్చుకోవలసినది.