గాజు గృహములో ఏకాకి

శీతకాలమున లండనులోని క్యూ ఉద్యానమునకు కెమెరాతో పోవువారు గాజు గృహమున అడుగిడగానే ఆగవలసి వచ్చును. బయటి చలికి చల్లబడిన కటకముపై లోపలి వెచ్చని తేమ పేరుకొనును. అది ఆరువరకు మొక్క చెంతనున్న పేరు పలకనైన చదువవచ్చును. చదువువారు కొద్దిమందియే!

అచ్చటి టెంపరేట్ హౌస్‌లో ఎన్సెఫలార్టాస్ వుడై యను సైకాడ్ కలదు. చూపునకు ఈతచెట్టును బోలియుండును. 1895లో దక్షిణాఫ్రికాలో జాన్ మెడ్లీ వుడ్ కనుగొన్నది ఒకే మగ దుబ్బు. ఆడ మొక్క నేటికిని దొరకలేదు. అడవిలో ఆ జాతి అంతరించినది. లోకమున నేడున్నవన్నియు ఆ దుబ్బు పిలకల సంతతియే.

ఆకుల వయ్యారమును మాత్రము పట్టిన ఛాయాచిత్రము తరగతి గోడకు అలంకారము, అంతే. పలక కూడ చిత్రములో నున్నచో, ఏ విద్యార్థియో లేచి దీనికి జోడెక్కడ నున్నదని ఉపాధ్యాయుని అడుగవచ్చును.