బలమునకు కొలత యేది?

ఐచిరో ఓడా 1997వ సంవత్సరమున ప్రారంభించిన "వన్ పీస్" అను జపాను చిత్రకథను మన విద్యార్థులు మక్కువతో చదువుచున్నారు. ఆ కథలో ప్రభుత్వము ఓడదొంగల తలలకు వెల కట్టును. ఆ వెలను బట్టి యెవడు బలవంతుడని బాలురు వాదులాడుదురు. ఈ కొలత సరికాదని మా యభిప్రాయము.

నాయకుడైన లూఫీ, ఆర్లాంగుతో పోరునపుడు, తనకు కత్తిసాము రాదనియు, వంట రాదనియు, తోడివారు లేనిదే బ్రదుకజాలననియు నొప్పుకొనెను. పిరికివాడైన ఉసొప్ చచ్చినట్లు నటించి తప్పించుకొనియు, సిగ్గుపడి లేచి పోరాడెను. క్రొకొడైలు చేతిలో లూఫీ రెండుమారు లోడెను. ఇసుకగా మారు నా శత్రువునకు నీరు పగ యని మొదటి యోటమివలన గ్రహించి, మూడవమారు గెలిచెను. వీనిని ఏ వెల కొలువగలదు?

లోపము లేకపోలేదు. పోరాటములు మితిమీరి సాగును. ఓడినవారు తరచుగా బ్రదికియే యుందురు. కృష్ణ కావలి పలనాటి కథలో బాలచంద్రుడు కారెంపూడి రణమున గూలెను. పోరునకు మూల్యము ప్రాణమని ఆ గాథ మరువనీయదు.

బాలలారా! గొల్యాతు ఎత్తు ఆరుమూళ్ళ జేనెడని పరిశుద్ధ గ్రంథము చెప్పుచున్నది. దావీదు ఎత్తు చెప్పనే లేదు. ఆటస్థలమున బలహీనుని పక్షమున నిలుచువానినే బలవంతుడని యెంచుడు.