తాతగారి యిల్లు, 1:50

మా అమ్మాయి ఆర్కిటెక్చరు చదువుతున్నది. ఈ సెమిస్టరులో ఒక పాత యిల్లు కొలిచి, దాని నమూనా చేసి తెమ్మన్నారట. ఇంకేం, గోదావరి వొడ్డున మా తాతగారి మండువా యిల్లు వుండనే వున్నది. మండువా లోగిళ్ల అందం మీద నేనెన్ని సభల్లో మాట్లాడానో నా శిష్యుల నడగండి. పాపం, వాళ్లకు కంఠతా వచ్చు.

టేపు పట్టుకుని యిద్దరం రెండు రోజులు కొలిచాం. ఆ మీదట మా హాలు వడ్రంగి కొట్టమయింది. కొలత 1:50. అంటే అసలు యింట్లో అరమీటరు నమూనాలో ఒక సెంటీమీటరన్నమాట. తాతగారి మట్టిగోడ మందం అడుగున్నర. లెక్క ప్రకారం 9 మిల్లీమీటర్లు రావాలి. 5 మిల్లీమీటర్ల ఫోం బోర్డులు రెండేసి కలిపి అతికించాం. ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనందుకు తాతగారేమీ అనుకోరు. మేమిప్పుడుంటున్న యింటి 9 అంగుళాల గోడకైతే ఒక్క బోర్డు చాలునట!

సాయం చేయబోయి నేనూ కొంత నేర్చుకున్నాను. బోర్డును ఒక్క గాటున తెగ్గొట్టబోతే అంచు చిరుగుతుంది. స్టీలు స్కేలు ఆనించి, కొత్త బ్లేడుతో, మెల్లగా మూడు నాలుగుసార్లు గీయాలి. చిటికెలో అంటుకునే జిగురు దగ్గరికి రానీయకూడదు. అది లోపలి నురుగును తినేస్తుంది. ఈ సంగతి నాకు తెలిసేసరికి పడమటి వసారా సగం కరిగిపోయింది. మళ్లీ ఫెవికాలుతో కట్టుకొచ్చాం. పెంకులకు ముడతల అట్ట. లోపలి గదులు కనబడాలి గనుక కప్పు పైకెత్తి తీసేట్టు పెట్టింది.

1418లో ఇటలీలోని ఫ్లారెన్సులో పెద్ద చర్చికి గోపురమెలా కట్టాలో చెప్పండని పోటీ పెడితే, అక్కడివాళ్లూ నమూనాలే చేసుకొచ్చారు. కాగితం మీది గీతలు అందరికీ అర్థం కావు గదా!

చివర కొలతకు తగిన మనుషులను అట్టతో కత్తిరించింది. 5 అడుగుల 4 అంగుళాల మనిషి, అంటే మా అమ్మంత ఎత్తు, మూడుంబావు సెంటీమీటర్లు. ఆ బొమ్మను వంటింట్లోకి పంపబోతే తల గుమ్మానికి కొట్టుకున్నది. గుమ్మం మూడు సెంటీమీటర్లే.

“కోత తప్పావేమో చూడమ్మా” అన్నాను.

పుస్తకం తీసి చూపింది. 5 అడుగులు. నేను స్వయంగా వేసిన అంకె.

తరువాత సెల్‌ఫోను దీపం ఎండలాగా పైనుంచి పట్టింది. మండువా నిండా వెలుగు. వంటిల్లు మాత్రం చీకటి గుయ్యారం. పొగ పోవడానికి కప్పులో జానెడు కంత. ఆ గదిలో మా అమ్మ 22 ఏళ్లు కట్టెలపొయ్యి మీద వండింది. నా వుపన్యాసాల్లో అరుగులున్నాయి, చెక్కిన స్తంభాలున్నాయి. వంటిల్లు ఎన్నడూ లేదు.

మా అమ్మ వచ్చి వంగి చూసింది.

“అమ్మాయీ, ఆ తూర్పుగోడకో కిటికీ పెట్టవే. మా మామగారి నడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.”

పిల్ల సందిగ్ధంలో పడింది. “ఉన్నది వున్నట్టే చూపించాలి మామ్మా, లేని కిటికీ పెడితే మార్కులు పోతాయి” అన్నది. కాని రాత్రి పదింటికి మళ్లీ బ్లేడు చప్పుడు వినిపించింది. తెల్లవారి చూస్తే వంటింటికి తూర్పుగోడలు రెండు!

కిటికీ లేని గోడతో నమూనా కాలేజీకి వెళ్లొచ్చింది. రాగానే మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని, గోరంత కిటికీ వున్న గోడను తన చేత్తోనే మార్చింది. గుమ్మం సంగతి యింకా తేలలేదు.