హాగరు వెళ్ళిన దారి

కోనసీమ పల్లెలలో గల్ఫునకు పయనమగు స్త్రీకి సంఘము వీడ్కోలు ప్రార్థన జరుపునప్పుడు బోధకుడు తరచుగ చేతికెత్తుకొను భాగము ఆదికాండము పండ్రెండవ అధ్యాయము. స్వదేశమును, బంధువులను, తండ్రి యింటిని విడిచి, చేరబోవు తావేదియో యెరుగకయే అబ్రాహాము బయలుదేరిన వృత్తాంతము. పిల్లలను తల్లికి అప్పగించి, అప్పు నోటుపై వేలిముద్ర వేసి, ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి వచ్చిన యిల్లాలికి ఆ మాటలు విన్నప్పుడు తన పయనము గూడ దైవపు పిలుపేయను ధైర్యము కలుగుట సహజము. ఆ ధైర్యమును నేను కించపరచను. అయినను ఆమె చేరబోవు హుఫూఫ్ నగరమును తలచుకొన్నప్పుడెల్ల, ఆ దినమున ఆమెకు చదివి వినిపింపవలసిన కథ అబ్రాహాము యింట దాసిగ నుండిన హాగరుదని నాకు దృఢముగ తోచుచుండును.

హుఫూఫ్ సౌదీ అరేబియా తూర్పు మండలమున అల్ అహ్సా ఒయాసిస్సునకు ప్రధాన నగరము. రమారమి 25 లక్షల ఖర్జూర వృక్షములు గల ఆ ఒయాసిస్సును 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగ గుర్తించినది. ఖలాస్ ఖర్జూరమునకు అది పుట్టినిల్లువంటిది. లంకల కొబ్బరితోటలు విడిచి వచ్చిన కన్నులకు ఆ పచ్చదనము మొదట ఊరట గొల్పవచ్చును గాని, ఖద్దామాగ, అనగా ఇంటి పనిమనిషిగ, వచ్చిన స్త్రీకి ఆ తోటలకంటె యింటి ప్రహరీ గోడయే యెక్కువ పరిచయమగును. ఆ దేశమున చర్చి లేదు. అన్యమతముల బహిరంగ ఆరాధనకు అనుమతి లేదు. 2013 నుండి శుక్ర, శనివారములు సెలవు దినములు గనుక ఆదివారము పనిదినము. మన ఊరిలో పది గంటల ఆరాధనకు గంట మ్రోగునప్పటికి అచట ఏడున్నర. పిల్లలను బడికి పంపు హడావుడి ముగిసి, ఎంగిలి పళ్ళెములు సింకులో పేరుకొనియుండు వేళ. తలగుడ్డ మాటున ఒక చెవికి ఇయర్‌ఫోను తగిలించుకొని, పాస్టరుగారు వాట్సాపులో పంపిన ప్రసంగమును అరకొరగ వినుచు, యజమానురాలి అడుగుల చప్పుడైనప్పుడు దానిని ఆపివేయుచు సాగు ఆ ఆరాధన, ఏ కథెడ్రలు ఆరాధనకును తీసిపోదని నా నమ్మకము.

క్రైస్తవ విశ్వాసము ఆ గడ్డకు కొత్తదియు గాదు. అరేబియా తూర్పు తీరమును సురియానీ క్రైస్తవులు బేత్ ఖత్రాయే యనుచుండిరి. అచట బిషప్పులుండిరి, 676లో దారీన్ ద్వీపమున సంఘసభ గూడ జరిగినది. ఆ ప్రాంతమున పుట్టిన ఇస్సాకను భక్తుడు నీనెవేకు బిషప్పుగ పోయి, ఐదు నెలలకే ఆ పదవిని వదలి, కొండలలో ఏకాంతవాసము చేసి, యీనాటికిని సన్యాసులు చదువుకొను బోధలను విడిచిపోయెను. ఆయన రెండు మారులు తన పరిచిత లోకమును త్యజించినది స్వేచ్ఛతోనే. అబ్రాహామునకు సైతము ఆస్తియు, పరివారమును, భార్యయు వెంట నుండిరి. విశ్వాసముతో విడిచిపోవువానికి, విడుచుటయో నిలుచుటయో తానే నిశ్చయించుకొను స్వాతంత్ర్యము మొదట ఉండవలెను. వడ్డీవ్యాపారి తరుముచుండగ గడప దాటిన స్త్రీ పయనమునకు పిలుపని పేరు పెట్టుటకు మనకు అధికారము లేదు.

మన సంఘములు వలసపోయిన తమవారిని యేనాడును తలపోయలేదని నేననుట లేదు. 1860 మొదలు మదరాసు రేవున ఓడలెక్కి వేలకొలది తెలుగువారు దక్షిణాఫ్రికాలోని నెటాలు చెరకుతోటలకు గిరిమిటీ (ఒప్పందపు) కూలీలుగ పోయిరి. వారి యాత్మలను కనిపెట్టువారు లేరని విన్న తెలుగు బాప్టిస్టులు, ఎవరో విదేశీయులు ఆ పని చేయుదురని కాచుకొని కూర్చుండక, తమ హోం మిషనరీ సంఘము పక్షమున 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్యగారిని పంపిరి. మిషనరీ యనగా తెల్లదొరయేయని లోకము తలచుచుండిన ఆ కాలమున, బీదసంఘములు చిల్లర కానుకలు కూర్చి, సముద్రము దాటి తమ మనిషిని తమ కూలీల వెంట పంపుట యెంతటి సాహసము! కీర్స్నీ తేయాకు తోటలో ఆ యేటి చివరనే తెలుగు సంఘము వెలసినది. నాకు తెలిసినంతలో తెలుగు క్రైస్తవుల విశ్వాస యాత్రలలో ఇంతకంటె ఘనమైనది లేదు. ఏలయన ఆయన విడిచిపోయినది, అంతకు మునుపే గత్యంతరము లేక విడిచిపోయినవారి నిమిత్తము.

హుఫూఫ్‌కు అట్లు బోధకుని పంపుట నేడు సాధ్యపడదు. సాధ్యమైనదేదో హాగరు కథయందే కలదు. ఐగుప్తీయురాలైన ఆమె కనానులో పరుల యింటి పనిమనిషి. గర్భవతియై యుండగ యజమానురాలైన శారయి పెట్టు బాధలకు తాళలేక పారిపోయి, షూరు మార్గమున నీటిబుగ్గయొద్ద ఆగినది. అబ్రాహాముగాని శారయిగాని ఆమెను ఒక్కమారైనను పేరుపెట్టి పిలిచినట్లు ఆ గ్రంథమున కానరాదు. పేరుపెట్టి పిలిచినవాడు దేవదూత. పిలిచి, ఎచటినుండి వచ్చుచున్నదో, ఎచటికి పోవుచున్నదో అడిగెను. పిదప తిరిగి పొమ్మనిన మాట యొకటి కలదు. అది నాకు నేటికిని కొరుకుడుపడలేదు. దానిని అడ్డుపెట్టుకొని దెబ్బలు తిను పనిమనిషికి ఓర్పు బోధించువారు, ఇరువదియొకటవ అధ్యాయమున ఆమె దాస్యము తీరినదనియు, ఎడారిలో ఆమెకు నీళ్ళ ఊట చూపబడినదనియు గూడ చదువవలెను.

దూత యడిగిన ఆ రెండు విషయములే ఇచటి పాస్టరుగారు ప్రయాణమునకు ముందు అడుగవలసినవి. ఎచటినుండి యనగా, ఏ అప్పునుండి, ఎంత వడ్డీకి, ఆ భారము సంఘమే కొంత మోయరాదా యని. ఎచటికి యనగా, ఏ కఫీల్ (పూచీదారుడైన యజమాని) యింటికి, ఏ వీసాపై యని. ఇ.సి.ఆర్. (వలస అనుమతి తప్పనిసరియైన) పాస్‌పోర్టుతో ఇంటిపనికి పోవు స్త్రీకి ముప్పదియేండ్లు నిండవలెననియు, 2016 నుండి అట్టివారిని ప్రభుత్వ నియామక సంస్థల ద్వారానే పంపవలెననియు నిబంధనలు కలవు; విజిట్ వీసాపై దాటించు ఏజెంటు తప్పించుకొనునది వీనినే. 2021 మార్చి 14న సౌదీలో అమలైన కార్మిక సంస్కరణలు ఇంటి పనివారికిని, సొంత కార్ల డ్రైవర్లకును వర్తింపలేదు. హుఫూఫ్‌లో కష్టము వచ్చినచో మన రాయబార కార్యాలయమున్న రియాదు 300 కిలోమీటర్ల పైచిలుకు దూరము. పాస్‌పోర్టు యజమాని బీరువాలో నున్న స్త్రీకి అది యెంతటి దూరమో వేరుగ చెప్పనక్కరలేదు.

కనుక బాప్తిస్మములకు, వివాహములకు వలెనే వలసపోవువారికిని సంఘమున ఒక రిజిష్టరు ఉండవలెను. అందు ఏజెంటు పేరు, అతని లైసెన్సు, ఒప్పందపు నకలు, వీసా నకలు, యజమాని చిరునామా, ఫోను నంబరు వ్రాసి, వారమునకొకమారు ఆమె గొంతు విను బాధ్యత సంఘపెద్దలలో ఒకరు స్వీకరింపవలెను. రెండు వారములు ఆ గొంతు వినబడనిచో కలెక్టరుగారికి, రాయబార కార్యాలయమునకు అర్జీ పెట్టవలసినది సంఘమే గాని, అక్షరములు రాని ఆమె తల్లి గాదు. ఆ పుట పూర్తియగునంతవరకు వీడ్కోలు ప్రార్థనకు తేదీ పెట్టవలదని కోనసీమ పాస్టరుగారలను చేతులు జోడించి వేడుకొనుచున్నాను.