కుటుంబం కారు ఎవరి కోసం?

తెనాలి, బాపట్ల, రేపల్లె ఎక్కడైనా ఇప్పుడు కారు కొనాలంటే ముందు ఎస్‌యూవీ మాటే వస్తోంది. 2024-25లో దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో ఎస్‌యూవీలు, ఎంపీవీలు కలిసిన యుటిలిటీ వాహనాలే దాదాపు 65 శాతం. ‘కుటుంబం కోసమే’ అంటారు. ఆ కుటుంబంలో ఆడవాళ్ళని ఎవరడిగారు?

వానలకు గుంతలుపడ్డ లంక రోడ్ల మీద ఎత్తు కారు పనికొస్తుంది, కాదనను. కానీ కొండలు లేని ఈ డెల్టాలో తెనాలి నుంచి రేపల్లె పోవడానికి సెడాన్ చాలు. ధరా, పెట్రోలు ఖర్చూ తక్కువే. చీరతో అంతెత్తు ఎక్కడం నిండు గర్భిణికి కష్టం. మరీ కిందికున్న సీటు మోకాళ్ళ నొప్పులకి కష్టం. ఎక్కేవాళ్ళే చెప్పాలి.

రోడ్డు మీద నడిచేవాళ్ళ మాటేమిటి? ముందుభాగం 40 అంగుళాలు మించిన వాహనం గుద్దితే, 30 అంగుళాల లోపు ఏటవాలు వాహనంతో పోలిస్తే పాదచారి చనిపోయే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువని 2023లో అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. మన దగ్గర రోడ్డు వార నడిచేది కూలి స్త్రీలూ, బడిపిల్లలూ.

అందుకే కొనేముందు మనం ఎక్కి చూద్దాం, నడిపి చూద్దాం. వాయిదాలెంతో, ఎవరి నగలు తాకట్టుకి పోతాయో, రిజిస్ట్రేషన్ ఎవరి పేరనో అడుగుదాం.