క్రొత్త కెమేరాకు ఏ సాఫ్ట్‌వేరు?

మన విద్యార్థుల యిండ్లలో డిజిటల్ కెమేరాలు కనబడుచున్నవి. మామిడి తోట మంచి ధర పలికిన యేట కొందఱు కొనుచున్నారు. విదేశములనుండి వచ్చిన బంధువులు కొందఱికి కానుకగా నిచ్చుచున్నారు. పెండ్లిండ్లకు ఫోటోలు తీసి జీవనము చేయుదమను తలంపుతో అప్పు చేసి కొన్న యువకులును లేకపోలేదు. పెట్టె విప్పిన వారము దినములకే వీరందఱు మమ్ము అడుగు ప్రశ్న యొక్కటే: "మాస్టరుగారూ, ఫోటోలు దిద్దుటకు ఏ సాఫ్ట్‌వేరు పెట్టుకొనవలెను?" మేము నోరు విప్పక మునుపే ప్రత్యుత్తరము వారే చెప్పుకొందురు: ఫోటోషాప్ అట, ఎవరో పెన్‌డ్రైవులో ఎక్కించి యిత్తురట, కాని ఖర్చు లేదట. ఈ మూడు "అట"లను గూర్చి మా యభిప్రాయము తెలుపుటకే ఈ వ్యాసము.

మొదట కెమేరా యేమి చేయునో తెలిసికొనవలెను. మామూలుగా అది తీసిన పటమును తానే దిద్ది, కుదించి, జేపెగ్ అను రూపమున మన కిచ్చును. అందు ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను ఒక్కొక్క వర్ణమునకు 256 మెట్లు మాత్రమే యుండును. అదే కెమేరాలో "రా" అను ఏర్పాటు కలదు. ఆ యింగ్లీషు మాటకు పచ్చిది అని యర్థము. ఆ రూపమున కెమేరా తాను గ్రహించిన వెలుతురును దిద్దకయే దాచును. 12 బిట్ల పటమున 4,096 మెట్లు, 14 బిట్ల పటమున 16,384 మెట్లు ఉండును. జేపెగ్ వండి వార్చిన యన్నము. రా అనునది బియ్యము. అన్నమును మరల బియ్యము చేయలేము గదా!

ఈ భేదము మనవంటి వారికి పుస్తకములోని మాట కాదు. మిట్ట మధ్యాహ్నపు టెండలో తెల్లచొక్కాల తరగతిని వరుసగా నిలువబెట్టి ఫోటో తీసినచో, కెమేరా ఆ తెలుపునే చూచి వెలుతురు తగ్గించును. పిల్లల ముఖములు చీకటిలో పడును. జేపెగ్ పటమున ఆ చీకటిని పైకి లాగినచో చర్మము మచ్చలు మచ్చలుగా కనబడును. రా పటమున కన్నులు, బుగ్గలు, దాచుకొన్న నవ్వు మెల్లమెల్లగా వెలికి వచ్చును. షామియానా క్రింద పెండ్లికూతురు పసుపుగానో ఎఱ్ఱగానో కనబడుటకు పైగుడ్డయే కారణము. మామిడిచెట్టు నీడలో తీసిన ఫోటోలకు ఆకుల పచ్చదన మంటును. రా పటమున ఈ యెరువు రంగులను తీసివేయుట చాల సులభము. కావున క్రొత్తవానికి కావలసిన సాఫ్ట్‌వేరు ముందుగా రా పటమును విప్పగలదై యుండవలెను. తక్కిన హంగులన్నియు తరువాతి మాట.

అట్టి దానికై బజారుకు పోనక్కఱలేదు. కానన్ వారు డిజిటల్ ఫోటో ప్రొఫెషనల్ అను దానిని, నికాన్ వారు 2021లో వెలువరించిన ఎన్‌ఎక్స్ స్టూడియోను, సోనీ వారు ఇమేజింగ్ ఎడ్జ్ డెస్క్‌టాప్‌ను తమ కెమేరాలవారికి ఉచితముగనే యిచ్చుచున్నారు. కంపెనీ వెబ్‌సైటునుండి దించుకొనుటయే తరువాయి. పెట్టెలోని కాగితముల నెవరును చదువరు గనుక ఈ సంగతి పెక్కుమంది యెఱుగరు. ఆ కెమేరా వర్ణములను దానిని చేసినవారికంటె బాగుగా నెఱిగినవా రెవరు? మొదటి సంవత్సరము దీనితోనే గడుపుడని మా గట్టి సలహా. వెలుతురు, వర్ణచ్ఛాయ, అంచుల కత్తిరింపు — ఈ మూడును చేతికి వచ్చు వఱకు మఱియొకటి ముట్టవలదు. ఇంట కంప్యూటరు లేనివారు జేపెగ్‌లను సెల్‌ఫోనునకు పంపుకొని, గూగుల్ వారి స్నాప్‌సీడ్‌తో దిద్దుకొనవచ్చును, అదియు ఉచితమే.

సంవత్సరము గడచిన పిమ్మట చేయి చాలదనిపించినచో డార్క్‌టేబుల్, రాథెరపీ, జింప్ అనునవి కలవు. డార్క్‌టేబుల్ మొదట తికమక పెట్టును. అందు మీటలు మితిమీరి యున్నవి. జింప్ కథ మాత్రము విద్యార్థులు వినదగినది. 1995లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున చదువుచున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అను నిద్దరు విద్యార్థులు దానిని ప్రారంభించిరి. పిమ్మట ఎందఱో చేయి కలిపి పెంచగా 2025 మార్చిలో దాని 3.0 రూపము వెలువడినది. దానిని ఎవరైనను వాడుకొనవచ్చును, స్నేహితునికి పెన్‌డ్రైవులో ఎక్కించి యియ్యవచ్చును. అది దొంగతనము కాదు సరికదా, ఆ సాఫ్ట్‌వేరు లైసెన్సు అనుమతించిన పనియే. తెలుగు పేరు వ్రాసినపుడు అందు ఒత్తులు విడిపోక సరిగా కుదురును.

ఫోటోషాప్ మంచిది కాదని మేమనము. టామస్ నోల్ 1987లో మొదలుపెట్టి, సోదరుడు జాన్ నోల్‌తో కలిసి పెంచిన ఆ సాధనమును అడోబీ వారు 1990లో విడుదల చేసిరి. దానికి సాటియైనవి తక్కువ. ఐతే 2013లో ఆ కంపెనీవారు క్రొత్త రూపములను అమ్ముట మాని అద్దెకిచ్చు పద్ధతికి మారిరి. వారి లైట్‌రూమ్ క్లాసిక్‌కు అద్దె కట్టుట మానినచో, పటములు చూచుకొనుటకును బయటికి తీసికొనుటకును వీలుండును గాని దిద్దు విభాగము మూతపడును. కరిష్మా ఆల్బములు చేసి బ్రతుకు స్టూడియోవారికి ఆ యద్దె గిట్టుబాటగును. పదవతరగతి పిల్లవాని తండ్రికి ఏల?

ఇక ఆ పెన్‌డ్రైవు మాట. దొంగప్రతి యని తెలిసియు కంప్యూటరు ప్రోగ్రామును వాడుట 1957 నాటి కాపీరైటు చట్టమున 63బి సెక్షను క్రింద నేరము. పైగా ఆ ప్రతిని ఎక్కించునపుడు "ముందుగా యాంటీవైరస్‌ను ఆపివేయుడు" అని చెప్పుదురు. కాపలావానిని నిద్రపుచ్చి తలుపు తెఱచినట్లే. "అందఱును అట్లే చేయుచున్నారు" అను వాదమునకు మేము జవాబియ్యము. పరీక్షలో చీటీలు తెచ్చినవాడును అదే మాట చెప్పును. కాని "ఫోటోషాప్ రానివానికి స్టూడియోలో పని యియ్యరు" అను తలిదండ్రుల భయము తీసివేయదగినది కాదు. దానికి మా సమాధానమిది: పొరలు, ముసుగులు, వెలుతురు వంపులు జింప్‌లోను అవే. అవి తెలిసిన పిల్లవాడు స్టూడియోవారు అద్దె కట్టిన ఫోటోషాప్‌పై కొద్దికాలముననే పని నేర్చును. అవి తెలియనివానికి దొంగప్రతి ఎన్నేండ్లున్నను బొమ్మలు అతికించుటయే వచ్చును.

సాధనముకంటె మమ్ము కలతపెట్టు సంగతి వేఱొకటి కలదు. ఫోటో దిద్దుట క్రొత్త విద్య కాదు. గాజు నెగటివుల కాలముననే పెన్సిలు మొనతో ముడుతలు మాపెడివారు. నేడు ఒక్క మీటతో జాతి రంగే మారుచున్నది. ఒకమారు మా తరగతి ఫోటో ఒక స్టూడియోనుండి రాగా, నలుబదిమంది బిడ్డలును ఒకే సున్నపు రంగున నుండిరి. ఒక బాలిక తన్ను తాను చాలసేపు వెదకికొని, "నే నిట్లుండిన బాగుండునా, మాస్టరుగారూ?" అని యడిగినది. చీకటిలో పడిన ముఖమునకు వెలుతురిచ్చుట వేఱు, నల్లని ముఖమును తెల్లచేయుట వేఱు. ఎండయు, గుడ్డయు, ట్యూబులైటును చేసిన తప్పును దిద్దుడు. మొటిమ రెండు వారములకు పోవునది గనుక తుడిచినను మేమేమియు అనము. పుట్టుమచ్చ జోలికి పోవలదు. సెల్‌ఫోనులందు ముఖమును నునుపుచేయు ఏర్పాటు మనకు తెలియకయే పనిచేయుచుండుట కలదు. దానిని వెదకి ఆపుడు.

కడపటిది, మూలప్రతి సంగతి. మేము వ్యాసములు దిద్దునపుడు ఎఱ్ఱసిరాతో ప్రక్కన వ్రాయుదుము గాని, బాలుని వ్రాతను తుడువము. మంచి సాఫ్ట్‌వేరును అంతే. రా పటమును ముట్టక, దిద్దుబాట్లను మాత్రము వేఱుగా వ్రాసికొనును. జేపెగ్‌ను దిద్ది అదే పేరున దాచినచో మొదటిది పోయినట్లే. దిద్ది దాచిన ప్రతిసారి కొంత నాణ్యతయు తఱుగును. గూగుల్ వారు 2004లో కొని ఉచితముగ నిచ్చిన పికాసా 2016లో ఆగిపోయినది. ఏ సాఫ్ట్‌వేరు ఎప్పుడు పోవునో చెప్పలేము గనుక, మూలప్రతులను తేదీలవారిగా విడివిడి ఫోల్డరులలో పెట్టి, కంప్యూటరులో నొకటి, బయటి హార్డుడిస్కులో నొకటి ఉంచుకొనుడు.

జింప్‌ను, రాథెరపీని పాఠశాల కంప్యూటరులో ఉంచియున్నాము. కావలసిన విద్యార్థులు శనివారము బడి విడిచిన పిమ్మట ఖాళీ పెన్‌డ్రైవు తెచ్చుకొనవచ్చును.